ఫీజు కట్టి రాళ్ళు మోస్తే అది చదువేనా? (ఫ్రాంక్ లాయిడ్ రైట్, టాలియెసిన్)

చూరునీడ

మా అమ్మాయి బి.ఆర్క్ మూడో సంవత్సరం. గది నిండా అమెరికన్ ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఇళ్ళ బొమ్మలే. వేసవిలో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్తున్నాం. అక్కడికి గంట ప్రయాణంలో స్ప్రింగ్ గ్రీన్ దగ్గర రైట్ సొంత ఇల్లూ ఎస్టేటూ అయిన టాలియెసిన్ ఉంది, చూపించి తీరాలని పట్టుబట్టింది. సరే, వెళ్ళేముందు నాలుగు ముక్కలు తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒళ్ళు మండుతోంది.

1932లో ఈయన తన ఎస్టేటులోనే ‘టాలియెసిన్ ఫెలోషిప్’ పేరుతో బడి పెట్టాడు. ఏడాదికి ఫీజు 675 డాలర్లు, మరుసటి ఏడాదికే 1,100. అమెరికాలో జనం రొట్టె కోసం వీధుల్లో బారులు తీరిన రోజులవి. అంత డబ్బు కట్టిన పిల్లలు ఏం చేశారయ్యా అంటే, పొలం దున్నారు, పాలు పితికారు, వంట చేశారు, గిన్నెలు కడిగారు, గనిలో రాయి కొట్టారు, సున్నం కాల్చారు, ఆయనగారి కప్పులు బాగుచేశారు. తరగతులు లేవు, పరీక్షలు లేవు, చివర్లో పట్టా కూడా లేదు.

దీన్ని గురుకులం అని పొగుడుతున్న వ్యాసాలే ఎక్కడ చూసినా. నాకైతే వెట్టిచాకిరీలాగే కనబడుతోంది. తెలిసినవారు చెప్పండి. అమ్మాయితో వాదించడానికి నాకు సరుకు కావాలి.

వేపపుల్ల

ఫీజు తీసుకుని పాలు పితికించుకోవడం! మా తాతగారు పాలేరుకు ఎదురు జీతం ఇచ్చేవారు పాపం, ఈ కిటుకు తెలియక.

కొలబద్ద

చూరునీడ గారూ, మీరు రాసినవన్నీ నిజాలే. తీర్పు మాత్రం తొందరపాటు. నేను ఈ వృత్తిలోనే ఉన్నాను. అయిదేళ్ళు కాలేజీలో చదివి బయటికి వచ్చిన రోజున ఇటుక గోడలో ఏ వరస ఎలా పేరుస్తారో నాకు కాగితం మీద తప్ప తెలియదు. మొదటి ఉద్యోగంలో మేస్త్రీ నన్ను చూసి నవ్వాడు. ఆ ముచ్చట మళ్ళీ ఎప్పుడైనా.

రైట్ స్వయంగా పట్టా లేనివాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కొన్నాళ్ళు ఉండి వదిలేసి చికాగో వెళ్ళాడు, ఆర్కిటెక్టు లూయీ సల్లివన్ దగ్గర పనిచేసి నేర్చుకున్నాడు. తను ఎలా నేర్చుకున్నాడో అలాగే నేర్పాలనుకున్నాడు. రాయి బరువు తెలియనివాడు రాతి గోడ గీయకూడదని ఆయన నమ్మకం. ఇందులో ఒళ్ళు మండడానికి ఏముంది?

చూరునీడ

సల్లివన్ ఈయనకు జీతం ఇచ్చాడు కదండీ. ఫీజు వసూలు చేయలేదు కదా.

వేపపుల్ల

పాయింటు చూరునీడ గారికి.

పాతకాగితం

వాదన ముందుకు వెళ్ళేముందు ఒక విషయం. ఆ లోయలో బడి పెట్టింది మొదట రైట్ కాదు, ఆయన పిన్నులిద్దరు. రైట్ తల్లి అన్నా పుట్టింటివారు లాయిడ్ జోన్స్ కుటుంబం, వేల్స్ నుంచి వలస వచ్చి విస్కాన్సిన్ నది పక్కన పొలాలు చేసుకున్నవారు. ఆ ఇంటి ఆడపడుచులు నెల్, జేన్. ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు, ఇద్దరూ పంతులమ్మలు. 1887లో ‘హిల్‌సైడ్ హోమ్ స్కూల్’ తెరిచారు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే వసతి పాఠశాల, ఆ రోజుల్లో అరుదు. పొలం, తోట, పశువులు అన్నీ పాఠంలో భాగమే. అంటే చూరునీడ గారు తప్పుపడుతున్న ఆ ‘పని చేస్తూ చదువు’ పద్ధతి రైట్ కనిపెట్టింది కాదు, వారసత్వంగా వచ్చింది.

ఆ బడికి మొదటి భవనం గీసిచ్చింది ఇరవై ఏళ్ళ అక్క కొడుకు రైటే. తర్వాత 1896లో బడికి నీళ్ళు తోడే గాలిమర కావాలన్నారు. మామూలు ఇనుప గాలిమర పెడదామని మేనమామలు అంటే, అరవై అడుగుల చెక్క గోపురం గీసి పంపాడు. ఒక స్తంభం ఇంకో స్తంభాన్ని కౌగిలించుకున్నట్టు ఉంటుందని ‘రోమియో అండ్ జూలియట్’ అని పేరు. గాలివానకు పడిపోతుందని మేనమామలు తేల్చేశారు. పిన్నులు మాత్రం మా అబ్బాయి గీసిందే కట్టండి అన్నారు. ఆ మేనమామలు ఒక్కొక్కరే కాలం చేశారు, గాలిమర నిలబడే ఉంది. 1990ల మొదట్లో పాత చెక్కంతా తీసి మళ్ళీ కట్టారు.

1900 తర్వాత అదే బడికి ఇసుకరాయి, ఓక్ దూలాలతో పెద్ద భవనం కట్టాడు. అప్పుల్లో కూరుకుపోయి 1915లో బడి మూతపడింది, ఆస్తి రైట్ చేతికి వచ్చింది. పదిహేడేళ్ళు పాడుబడి, కిటికీ అద్దాలు పగిలి, కప్పులు కురిసి, గోడల మీద దారిన పోయేవాళ్ళు పేర్లు చెక్కి ఉన్న ఆ భవనంలోనే 1932 అక్టోబరులో ఫెలోషిప్ మొదలైంది. మొదటి జట్టు 23 మంది. వాళ్ళ మొదటి పాఠం ఆ పాడుబడ్డ బడిని బాగుచేసుకోవడమే.

మేస్త్రీగారబ్బాయి

పాతకాగితం గారు చెప్పాక నా వంతు. మాది బేతంచెర్ల వైపు. నాన్న తాపీమేస్త్రీ, నేను సైటు ఇంజనీరు. టాలియెసిన్ చూసి వచ్చాను. మాట్లాడితే గోడల గురించే మాట్లాడతాను, మిగతావి మీరు చూసుకోండి.

అక్కడి రాయి దగ్గర్లోని గనిలోంచి తీసిన సున్నపురాయి. గనిలో రాయి పొరలు పొరలుగా ఎలా పడుకుని ఉంటుందో గోడలోనూ అలాగే పడుకోబెట్టారు. కొన్ని రాళ్ళు ముందుకు పొడుచుకు వస్తాయి, కొన్ని లోపలికి ఉంటాయి. చూస్తే ఏదో నిర్లక్ష్యంగా పేర్చినట్టు ఉంటుంది, అలా పేర్చడం చాలా కష్టం. గోడ పూతలో విస్కాన్సిన్ నది ఇసుక కలిపారు, అందుకే గోడకు ఆ ఊరి నేల రంగు వచ్చింది. ఇల్లు గుట్ట నెత్తిన కాదు, నుదుటి దగ్గర ఉంటుంది. గుట్ట శిఖరాన్ని ఖాళీగా వదిలి దాని చుట్టూ ఇల్లు చుట్టారు. చూరులకు నీటి గొట్టాలు పెట్టలేదు, చలికాలంలో మంచు కణికెలు వేలాడితే అందంగా ఉంటుందని. అందం సంగతి సరే, ఆ నీరు ఎక్కడికి వెళ్తుంది? గోడలోకి.

ఇప్పుడు చెడ్డ మాట. పునాదులు లోతు తక్కువ. పచ్చి చెక్క వాడారు. పని రాని పిల్లలతో కట్టించారు, కట్టించి నచ్చక పడగొట్టించి మళ్ళీ కట్టించారు. ఇల్లంతా ఒక ప్రయోగశాల అనుకోండి. ఇప్పుడు దాన్ని నిలబెట్టేవారికి ఏటా తలనొప్పే. నాన్న అయితే చూసి, ‘పనివాడు నేర్చుకునే గోడ ఊరిబయట కట్టించాలిరా, సొంత ఇంటికి కట్టించుకోకూడదు’ అనేవాడు.

కొలబద్ద

సొంత ఇంటికి కట్టించుకున్నాడు చూశారా, అదే ఆయన నిజాయితీ. ప్రయోగాలు ఖాతాదారుల ఇళ్ళ మీద చేయలేదు.

మేస్త్రీగారబ్బాయి

చేశాడు సార్. కౌఫ్‌మన్ అనే ఖాతాదారుకు జలపాతం మీద కట్టిన ఇల్లు ఫాలింగ్‌వాటర్ ఉంది కదా, దాని బాల్కనీలు కిందికి వాలితే 2002లో ఉక్కు తీగలతో బిగించి నిలబెట్టారు.

వేపపుల్ల

కొలబద్ద గారు కొంచెం నీళ్ళు తాగండి.

అగ్గిపుల్ల

ఎవరూ అసలు సంగతి ఎత్తరేం? ఆ ఇంట్లో ఏడు హత్యలు జరిగాయి. నౌకరు ఇంటికి నిప్పుపెట్టి గొడ్డలితో నరికాడు. సినిమాకు సరిపోయే కథ.

సుభాషిణి

అగ్గిపుల్ల గారూ, సినిమా కథగా చెబితేనే నాకు చిరాకు. చనిపోయినవాళ్ళకు పేర్లున్నాయి.

1909లో రైట్ ఓక్ పార్క్‌లో భార్యనూ ఆరుగురు పిల్లలనూ వదిలి, తను ఇల్లు కట్టించి ఇచ్చిన ఖాతాదారు భార్య మేమా బోర్త్‌విక్‌తో యూరప్ వెళ్ళిపోయాడు. తిరిగివచ్చాక చికాగోలో తలెత్తుకు తిరగలేని పరిస్థితి. 1911లో టాలియెసిన్ కట్టింది ఆమెతో కలిసి ఉండడానికి. అంటే ఈ ఎస్టేటు మొదట బడి కాదు, స్టూడియో అయినా అంతకన్నా ముందు తలదాచుకునే చోటు. పత్రికలు వెంటపడితే ఆ ఏడాది క్రిస్మస్ రోజున విలేఖరులను ఇంటికి పిలిచి మరీ సంజాయిషీ చెప్పుకున్నాడు. అది చదివి లోకం ఇంకా మండిపడింది.

మేమాను అందరూ ‘ఆయన ప్రియురాలు’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆమె చదువుకున్న మనిషి, స్వీడన్ స్త్రీవాద రచయిత్రి ఎలెన్ కీ పుస్తకాలను ఇంగ్లీషులోకి అనువదించింది. 1914 ఆగస్టు 15న మధ్యాహ్న భోజన వేళ జూలియన్ కార్ల్‌టన్ అనే నౌకరు ఆమెనూ, సెలవులకు వచ్చిన ఆమె పిల్లలు జాన్, మార్తాలనూ, పనివాళ్ళు నలుగురినీ చంపాడు. ఆ నలుగురిలో ఒకడు పదమూడేళ్ళ కుర్రాడు, వడ్రంగి విలియం వెస్టన్ కొడుకు. వెస్టన్ కూడా దెబ్బలు తిన్నాడు, అయినా పరుగెత్తి సాయం పిలిచి, వెనక్కి వచ్చి మంటలు ఆర్పాడు. ఆయన కాపాడినందువల్లే స్టూడియో భాగం మిగిలింది. రైట్ ఆ రోజు చికాగోలో మిడ్‌వే గార్డెన్స్ పనిలో ఉన్నాడు. కార్ల్‌టన్ యాసిడ్ తాగి, కొన్ని వారాలకు జైల్లో చనిపోయాడు. ఎందుకు చేశాడో చెప్పలేదు.

చూరునీడ గారూ, మీరు వెళ్ళినప్పుడు యూనిటీ చాపెల్ పక్కన శ్మశానం కూడా చూడండి. మేమా అక్కడే ఉంది.

అగ్గిపుల్ల

వెస్టన్ సంగతి నేను ఎక్కడా చదవలేదు. నా పేరు చూసి వేళాకోళం చేయకపోతే ఇంకొకటి అడుగుతాను. ఆ ఇల్లు రెండోసారి కూడా కాలిందా?

పాతకాగితం

1925 ఏప్రిల్‌లో. ఈసారి హంతకుడు లేడు, కరెంటు తీగల్లో లోపం. జపాన్ నుంచి తెచ్చుకున్న కళాఖండాలు చాలా బూడిదయ్యాయి. కాలగా మిగిలిన విగ్రహాల ముక్కలను మూడో ఇల్లు కట్టేటప్పుడు రాతి గోడల్లోనే పొదిగాడు. ఇప్పటికీ కనిపిస్తాయి. హిల్‌సైడ్‌లో 1952లో ఇంకో అగ్నిప్రమాదం. అది ఆయన స్వయంగా చెత్త తగలబెడుతుంటే గాలికి అంటుకుంది.

వేపపుల్ల

అగ్గిపుల్ల గారు ఆ చుట్టుపక్కలకు వెళ్ళకపోవడం మంచిది.

చూరునీడ

1925లో ఇల్లు కాలింది, తిరిగి కట్టడానికి అప్పు చేశాడు, 1920ల చివర్లో బ్యాంకు ఎస్టేటును స్వాధీనం చేసుకుంది, స్నేహితులూ ఖాతాదారులూ కలిసి రైట్ పేరున కంపెనీ పెట్టి విడిపించారు. 1929లో మార్కెట్ కూలింది, పనులు లేవు. 1932లో వయసు 65. అప్పుడు బడి పెట్టాడు. వరసగా చదివితే ఏం అర్థమవుతోంది? పని లేని ఆర్కిటెక్టుకు ఫీజు ఆదాయం, ఊరికే దొరికే చేతులు. కాదంటారా?

కొలబద్ద

కాదనను. డబ్బు అవసరం ఉంది కాబట్టి చదువు బూటకం అంటే మాత్రం ఒప్పుకోను. అక్కడి రోజువారీ ఎలా ఉండేదో చూడండి. హిల్‌సైడ్‌లో శిష్యులే కట్టిన పెద్ద డ్రాయింగు గది ఉంది, పైన ఓక్ వాసాలు అడవిలో కొమ్మల్లా అల్లుకుని ఉంటాయి. అటూ ఇటూ చిన్న చిన్న పడక గదులు. నిద్ర లేస్తే బల్ల దగ్గరే ఉన్నట్టు. రైట్ వచ్చి ఒకడి పక్కన కూర్చుని గీస్తుంటే మిగతావాళ్ళు చుట్టూ మూగేవారు. ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కూ జూన్‌లో ఆయన పుట్టినరోజుకూ, శిష్యులు సొంతంగా గీసిన ప్లానులన్నీ ఒక పెట్టెలో పెట్టి కానుకగా ఇచ్చేవారు. ఆ పెట్టెను కూడా వాళ్ళే రూపకల్పన చేయాలి. ఆయన ఒక్కొక్కటీ తీసి అందరి ముందూ విమర్శించేవాడు. పరీక్ష అంటే ఇది కాదా?

పైగా 1935లో ఫాలింగ్‌వాటర్ గీతలు పడుతుంటే ఎడ్గార్ టాఫెల్ అనే కుర్రాడు పక్కన నిలబడి పెన్సిళ్ళు చెక్కి ఇచ్చాడు. కౌఫ్‌మన్ గారు కారులో బయలుదేరారని ఫోను వచ్చాక, ఆయన చేరేలోగా కాగితం మీద ఇల్లు లేచిందట. ఏ కాలేజీలో దొరుకుతుంది ఆ పాఠం?

రేఖాచిత్రం

ఆ ఇల్లు ఎలా వచ్చిందో కూడా చెప్పండి మరి. కౌఫ్‌మన్ కొడుకు 1934లో ఫెలోషిప్‌లో చేరాడు, కొడుకును చూడడానికి వచ్చిన తండ్రి ఖాతాదారు అయ్యాడు. బడి లేకపోతే ఫాలింగ్‌వాటర్ లేదు. చూరునీడ గారు అంటున్న ‘ఫీజు’ కన్నా పెద్ద లాభం ఇదే.

నాది వేరే అభ్యంతరం. అక్కడ ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళలో సొంత గొంతు ఉన్నవాళ్ళు ఎందరు? వదిలి బయటికి వెళ్ళినవాళ్ళే పేరు తెచ్చుకున్నారు. జాన్ లాట్నర్ లాస్ ఏంజెలిస్ వెళ్ళాడు. పావొలో సొలేరి ఎడారిలో ఆర్కోసాంటి మొదలుపెట్టాడు. ఫే జోన్స్ కొద్దికాలమే ఉన్నాడు, వెళ్ళి ఆర్కన్సాలో థార్న్‌క్రౌన్ చాపెల్ కట్టాడు. మర్రిచెట్టు కింద మొక్క మొలవదని ఊరికే అనలేదు.

సుభాషిణి

దానికి రైట్ ఒక్కడే కారణం కాదు. 1928లో పెళ్ళాడిన ఓల్గివానా మాంటెనీగ్రో మనిషి, గుర్జియెఫ్ అనే ఆధ్యాత్మిక గురువు శిష్యురాలు. ఒళ్ళు వంచి పనిచేయడమే ఆత్మసాధన అనే ఆలోచన ఫ్రాన్స్‌లో ఆయన ఆశ్రమం నుంచి ఆమె తెచ్చుకుంది. ఫెలోషిప్‌లో వంటగది వంతులూ, సంగీతమూ, నాట్యమూ, వారాంతాల్లో కోట్లూ గౌన్లూ వేసుకుని విందుకు కూర్చోవడమూ, వీటన్నిటిలో ఆమె చేయి ఉంది. పగలు బురదలో, రాత్రి పట్టుబట్టల్లో. రైట్ 1959 ఏప్రిల్‌లో పోయాక, 1985లో తను పోయేదాకా ఆమే నడిపింది. ఎవరు ఎవరిని పెళ్ళి చేసుకోవాలో కూడా జోక్యం చేసుకునేది. మొదటి శిష్యుడు, అల్లుడు అయిన వెస్ పీటర్స్‌కు 1970లో ఎవరితో పెళ్ళయిందో తెలుసా? స్టాలిన్ కూతురు స్వెత్లానాతో. అంతకుముందు కారు ప్రమాదంలో పోయిన ఓల్గివానా కూతురి పేరు కూడా స్వెత్లానాయే.

అగ్గిపుల్ల

ఒక్క నిమిషం. స్టాలిన్ కూతురా?!

సుభాషిణి

ఆవిడే. ఓల్గివానా అరిజోనాకు రమ్మని పిలిచింది, వచ్చిన కొద్ది వారాలకే పెళ్ళి. ఎక్కువ కాలం నిలవలేదు. ఆవిడకు ఆ సామూహిక భోజనాలు, ఆ అజమాయిషీ అసలు నచ్చలేదు.

వేపపుల్ల

స్టాలిన్ ఇంట్లో పెరిగిన మనిషికి కూడా ఊపిరాడలేదంటే...

కొలబద్ద

హాస్యం బాగుంది గాని, ఎవరినీ తాళ్ళతో కట్టిపడేయలేదు. నచ్చనివారు వెళ్ళిపోయారు. వెట్టి అంటే వెళ్ళలేకపోవడం. తెలంగాణలో వెట్టి అంటే ఏమిటో మా అమ్మమ్మ చెప్పగా విన్నవాణ్ణి, ఆ మాట ఇక్కడ వాడితే నాకు బాధేస్తుంది.

చూరునీడ

ఆ మాట వరకు మీరన్నది సబబే. ‘చాకిరీ’ అని మాత్రం అంటాను.

పాతకాగితం

చూరునీడ గారి ప్రశ్నను అచ్చంగా ఒక కోర్టు విచారించింది. ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను.

1940లో రైట్ తన ఆస్తినీ వృత్తినీ ‘ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఫౌండేషన్’ కిందికి తెచ్చాడు. మాది విద్యాసంస్థ, ఆస్తిపన్ను కట్టం అన్నాడు. టాలియెసిన్ ఉన్న వయోమింగ్ టౌన్‌షిప్ వాళ్ళు కట్టాల్సిందే అన్నారు. వ్యాజ్యం విస్కాన్సిన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1954లో తీర్పు వచ్చింది: పన్ను మినహాయింపుకు అర్హత లేదు. శిష్యుల పని రైట్ వృత్తికి ఉపయోగపడుతోంది కదా అన్నదే పట్టణం వాదన. అంటే మీరు అడిగిందే.

ముసలాయనకు కోపం వచ్చింది. రాష్ట్రం వదిలి పోతానన్నాడు, భవనాలు తగలబెడతానన్నాడు. మిత్రులు మాడిసన్‌లో విందు పెట్టి 10,000 డాలర్లు పోగుచేసి చేతిలో పెడితే శాంతించాడు.

చూరునీడ

ఇది కదా నాకు కావలసిన సరుకు! అమ్మాయికి ఇప్పుడే పంపిస్తున్నాను.

కొలబద్ద

పన్ను చట్టం చెప్పే విద్య వేరు, విద్య వేరు. రెవెన్యూ ఆఫీసు దేన్ని వ్యవసాయ భూమి అంటుందో దాన్నే పొలం అంటామా?

ఫీనిక్స్‌ఎండ

అందరూ విస్కాన్సిన్ దగ్గరే తిరుగుతున్నారు. నేను ఉండేది అరిజోనాలో, రైట్ చలికాలపు ఎస్టేటు టాలియెసిన్ వెస్ట్‌కు పావుగంట దూరంలో, స్కాట్స్‌డేల్ పక్కన. బడి కథలో సగం ఇక్కడే నడిచింది.

1936 చలికాలంలో రైట్‌కు న్యుమోనియా వచ్చింది. చలికాలాలు వెచ్చని చోట గడపమని వైద్యులు చెప్పారు. 1937లో మెక్‌డొవెల్ కొండల పాదాల దగ్గర నీళ్ళూ దారీ లేని ఎడారి భూమి కొన్నాడు. అప్పటినుంచి ఏటా చలికాలానికి బడి మొత్తం కార్లూ ట్రక్కులూ కట్టుకుని విస్కాన్సిన్ నుంచి ఇక్కడికి వలస వచ్చేది, వేసవికి తిరిగి వెళ్ళేది. శిష్యులు మొదట గుడారాల్లో పడుకున్నారు. నీటికోసం చాలా లోతు తవ్వాల్సి వచ్చింది. ఎడారిలో గుడారం వేసుకుని, తర్వాత తన ఆశ్రయం తనే కట్టుకోవడం అనే సంప్రదాయం చివరిదాకా ఉంది. కొండవైపు నడిస్తే విద్యార్థులు కట్టుకున్న ఆ చిన్న గూళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి, కొన్ని నిజంగా అద్భుతం.

గోడల సంగతి మేస్త్రీగారబ్బాయి గారు చెబితే బాగుంటుంది.

మేస్త్రీగారబ్బాయి

సెంట్రింగ్ పలకలతో పెట్టె కట్టి, ఎడారిలో ఏరుకొచ్చిన పెద్ద రాళ్ళను చదునైన ముఖం పలకకు ఆనించి నిలబెట్టి, వెనకనుంచి సిమెంటు తక్కువ కాంక్రీటు పోశారు. పలకలు తీశాక రాయి ముఖం బయటికి కనిపిస్తుంది. అక్కడి రాయి గట్టిది, చెక్కడానికి లొంగదు, అందుకే ఈ ఉపాయం. తాపీ పని రానివాడు కూడా చేయగలడు, అదే దాని తెలివి. పిల్లల చేతులకు సరిపోయే పద్ధతి వెతికాడు. ఈ ఒక్క విషయంలో కొలబద్ద గారితో నేను ఏకీభవిస్తాను: అక్కడ బడికీ గోడకూ తేడా లేదు. గోడ లేవడమే సిలబస్.

కప్పు మాత్రం కాన్వాసు. వానొస్తే కురుస్తుంది.

ఫీనిక్స్‌ఎండ

తర్వాత గాజూ ప్లాస్టిక్కూ వేశారు లెండి. ఇంకో సంగతి. 1940ల చివర్లో ఎదురుగా కరెంటు స్తంభాలు వేస్తుంటే దృశ్యం పాడవుతుందని అధ్యక్షుడు ట్రూమన్ దాకా వెళ్ళాడు. పని జరగలేదు, తీగలు ఇప్పటికీ ఉన్నాయి. అవి లేకుండా ఫోటో తీయాలంటే కష్టమే.

దుర్గం_చెరువు

మనవైపు నుంచి ఒక ముక్క కలపనివ్వండి. టాలియెసిన్‌కూ మన గోల్కొండకూ సంబంధం ఉంది.

చెక్ దేశస్థుడు ఆంటొనిన్ రేమండ్ 1916లో టాలియెసిన్‌లో రైట్ దగ్గర పనిచేశాడు, తర్వాత ఇంపీరియల్ హోటల్ పనికోసం ఆయనతో టోక్యో వెళ్ళాడు, అక్కడ విడిపోయి సొంత ఆఫీసు పెట్టుకున్నాడు. ఈ రేమండే పుదుచ్చేరిలో అరవిందాశ్రమానికి వసతి గృహం గీశాడు. 1930ల చివర్లో పని మొదలైంది. భారతదేశంలో తొలి ఆధునిక కాంక్రీటు భవనాల్లో అదొకటి. దానికి మొదటి డబ్బు హైదరాబాదు నుంచి వెళ్ళింది, నిజాం దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా, లక్ష రూపాయలు. ఆ కృతజ్ఞతకే భవనానికి ‘గోల్కొండ్’ అని పేరు పెట్టారు.

ఇంకా విశేషం, కాంక్రీటు పనిలో ఆశ్రమ సాధకులు కూలీలతో కలిసి దిగారు. రేమండ్ పంపిన యువకుడు జార్జ్ నకషిమా జీతం వద్దని తనూ సాధకుడై పోయాడు. అది చాకిరీయా, సాధనా? చూరునీడ గారు చెప్పాలి.

చూరునీడ

నకషిమా జీతం వద్దన్నాడు, బాగుంది. ఎదురు ఫీజు మాత్రం కట్టలేదుగా! నన్ను ఆ ఒక్క పాయింటు మీదనుంచి ఎవరూ కదపలేరు.

రేఖాచిత్రం

మన దేశం నుంచి టాలియెసిన్ వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. అహ్మదాబాద్ సారాభాయి కుటుంబంలోని గిరా సారాభాయి అక్కడ పనిచేసి వచ్చింది, ఆ తర్వాత అన్న గౌతమ్‌తో కలిసి జాతీయ డిజైన్ సంస్థకు పునాది వేసింది. వాళ్ళ క్యాలికో మిల్లుకోసం రైట్ అహ్మదాబాదులో ఒక భవనం గీశాడు, కట్టలేదు. ఢిల్లీలో నెహ్రూ తారామండలం గీసిన మాన్‌సింగ్ రాణా అక్కడి శిష్యుడే.

అందరిలోకీ నాకు ఇష్టం నారీ గాంధీ. టాలియెసిన్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చి, మహారాష్ట్రలో ఇళ్ళు కట్టాడు. డ్రాయింగులు దాదాపు గీసేవాడు కాదు. సైటులో మేస్త్రీల పక్కన కూర్చుని, రాయి రాయి చూసి కట్టించేవాడు. రైట్ గోడలను నకలు కొట్టలేదు. అక్కడినుంచి తెచ్చుకున్నది పద్ధతి మాత్రమే.

కొలబద్ద

మర్రిచెట్టు కింద మొక్క మొలవదన్నది మీరే కదా.

రేఖాచిత్రం

చెట్టు నీడ దాటి వచ్చాకే మొలిచింది, ముంబయిలో.

పాతకాగితం

యుద్ధకాలం ఒకటి మిగిలింది. 1941లో శిష్యులు చాలామంది సైన్యంలో చేరలేమని సంతకాలు పెట్టారు. పొలం, నిర్మాణం, మా పని ఇక్కడే అన్నారు. అధికారులు ఒప్పుకోలేదు. రైట్ చేతి కింద ముఖ్యమైన డ్రాఫ్ట్స్‌మన్ జాక్ హౌ జైలుకు వెళ్ళాడు. బల్ల దగ్గర కుర్చీలు ఖాళీ అయ్యాయి. ‘వెళ్ళాలంటే వెళ్ళొచ్చు’ అన్న వాదానికి ఇది అనుకూలమో ప్రతికూలమో మీరే తేల్చుకోండి.

చింతచిగురు

ఇంత చర్చలో బడి ఇప్పుడు ఉందా లేదా ఎవరూ చెప్పలేదు. నేను చేరదామనుకుంటున్నాను!

ఫీనిక్స్‌ఎండ

బడి ఉంది, టాలియెసిన్‌లో లేదు. ఓల్గివానా తర్వాత దాన్ని మామూలు కాలేజీగా మార్చారు, గుర్తింపు తెచ్చుకున్నారు, పట్టాలు ఇచ్చారు. గుర్తింపు ఇచ్చే సంస్థ నిబంధనల వల్ల బడిని ఫౌండేషన్ నుంచి వేరుచేయాల్సి వచ్చింది. 2017లో వేరుపడింది. ఇద్దరికీ పొసగలేదు. 2020 జనవరిలో మూసేస్తున్నామన్నారు, మార్చిలో లేదు నడుపుతామన్నారు, వేసవిలో టాలియెసిన్ ఖాళీ చేసి సొలేరి స్థలాలైన కొసాంటి, ఆర్కోసాంటిలకు వెళ్ళారు. పేరులోంచి టాలియెసిన్ కూడా తీసేశారు. సొలేరి 1940ల చివర్లో ఇక్కడి శిష్యుడే అని పైన రేఖాచిత్రం గారు చెప్పారు కదా. చేరేముందు ఫీజులూ గుర్తింపూ మీరే స్వయంగా కనుక్కోండి.

సుభాషిణి

ఇల్లు మిగిలింది, బడి పోయింది. 2019లో యునెస్కో జాబితాలో రైట్ భవనాలు ఎనిమిది చేరాయి, రెండు టాలియెసిన్‌లూ అందులో ఉన్నాయి. జాబితాకు ఎక్కిన మరుసటి ఏడాదే బడి సామాను సర్దుకుంది. నాకైతే ఇది మింగుడుపడలేదు.

మేస్త్రీగారబ్బాయి

యునెస్కో వచ్చాక పడగొట్టి మళ్ళీ కట్టడం కుదరదు కదమ్మా. పిల్లలకు ఇంక నేర్పడానికి గోడ ఎక్కడ మిగిలింది?

వేపపుల్ల

1985లో సమాధి తవ్విన సంగతి కూడా చెప్పేయండి, అగ్గిపుల్ల గారు ఎదురుచూస్తున్నారు.

సుభాషిణి

చెబుతాను. ఓల్గివానా చివరి కోరిక అని, చాపెల్ పక్కన పాతికేళ్ళుగా ఉన్న రైట్ అవశేషాలను వెలికితీసి దహనం చేసి, బూడిద అరిజోనాకు తీసుకుపోయారు. తల్లి పక్కనుంచి, మేమా ఉన్న చోటునుంచి. విస్కాన్సిన్ వాళ్ళు ఇప్పటికీ క్షమించలేదు. శాసనసభలో కూడా గొడవ అయింది. ఇది ఆస్తి తగాదా కన్నా సవతి తగాదాలా అనిపిస్తుంది నాకు.

చూరునీడ

అమ్మాయి అంతా చదివింది. 1954 తీర్పు దగ్గర ఆగి, ‘సరే నాన్నా, అది బడి కాదు’ అంది. నేను గెలిచాననుకునేలోపే, ‘అయినా నేను ఆ రోజుల్లో ఉంటే ఫీజు ఎవరు కట్టేవారు, నువ్వే కదా’ అని అడిగింది. ఇంకా జవాబు ఇవ్వలేదు.

ఇప్పుడు పనికొచ్చే మాట చెప్పండి. ఒక్క రోజులో ఏమేం చూడొచ్చు?

మేస్త్రీగారబ్బాయి

ఇల్లు ఒక్కటే చూపించే పర్యటన తీసుకోకండి, హిల్‌సైడ్ కూడా కలిసినది తీసుకోండి. డ్రాయింగు గది చూడకపోతే అమ్మాయి మిమ్మల్ని వదలదు. గాలిమర, ఇంటికీ హిల్‌సైడ్‌కూ మధ్య కట్టిన మిడ్‌వే కొట్టాలు, రైట్ చెల్లెలి ఇల్లు టాన్-ఇ-డెరి దారిలోనే ఉంటాయి. నడక ఎక్కువ, ఎక్కుడు ఉంది, మోకాళ్ళు చూసుకోండి. చలికాలంలో మూసేస్తారు, వేసవిలో అయితే టికెట్టు ముందే కొనుక్కోవాలి.

పాతకాగితం

చాపెల్‌కు టికెట్టు అక్కరలేదు, రోడ్డు పక్కనే. 1886లో కట్టింది, అప్పుడు రైట్ కుర్రవాడు, లోపలి పనిలో చేయి వేశాడు.

చింతచిగురు

దుర్గం_చెరువు గారూ, పుదుచ్చేరి గోల్కొండ్ లోపలికి వెళ్ళనిస్తారా? అమెరికా వెళ్ళే స్తోమత లేదు, బస్సు టికెట్టుకు ఉంది.

దుర్గం_చెరువు

ఆశ్రమ అతిథులు ఉండే భవనం, ఊరికే వెళ్ళి తిరిగిరావడం కుదరదు. ముందుగా ఆశ్రమానికి రాసి, ఎందుకు చూడాలనుకుంటున్నారో చెప్పి అనుమతి అడగండి. వీధిలోంచి చూసినా కాంక్రీటు పలకల కిటికీలు కనిపిస్తాయి. ఎండ కోసం తిప్పుకునే ఆ పలకలే దాని అసలు విద్య.